పందెం ఎక్కడ మొదలవుతుంది?

ఈ సంచిక సంపాదకీయం కార్ల పందేల మీద రాస్తానన్నప్పుడు మా సంపాదకవర్గంలో ఒకావిడ నవ్వింది, ఇంకొకావిడకు కోపం వచ్చింది. "వరకట్నం కేసులున్నాయి, పనిచేసే చోట వేధింపులున్నాయి, బస్తీల్లో నీళ్ళు లేవు. ఇన్ని పెట్టుకుని డబ్బున్నవాళ్ళ పిల్లలు తిప్పే కార్ల గురించి మనకెందుకు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కొన్నేళ్ళ కిందటైతే నేనూ అదే అడిగేదాన్ని. నా ఆలోచన కొంత మారడానికి కారణం ఒక పద్నాలుగేళ్ళ పిల్ల.

2022 నవంబరులో మాదాపూర్ వెనకవైపు ఒక బస్తీలో ఆడపిల్లల సమావేశం పెట్టుకున్నాం. రక్తహీనత గురించి మాట్లాడాలని మేం వెళ్ళాం. పిల్లల ధ్యాసంతా హుసేన్ సాగర్ పక్కన జరిగిన కార్ల పందెం మీద ఉంది. వాళ్ళ అన్నదమ్ములు కొందరు టికెట్టు లేకపోయినా కంచెల దాకా పోయి చూసొచ్చారు. ఆడపిల్లల్ని ఎవరూ తీసుకుపోలేదు. అందులో ఒక పిల్ల తొమ్మిదో తరగతి చదువుతోంది. తల్లి హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఆ పిల్ల నన్నడిగింది: "అక్కా, గా కార్లు ఆడోళ్ళు గూడ నడుపుతరా?" నడుపుతారని చెప్పాను. ఒక్కో టీములో ఒక అమ్మాయి ఉండి తీరాలని నియమం పెట్టారని పేపర్లో చదివిన సంగతి కూడా చెప్పాను. వెంటనే రెండో ప్రశ్న వేసింది: "మరి వాళ్ళు యాడ నేర్చుకున్నరు?"

నా దగ్గర జవాబు లేదు. రక్తహీనత గురించి మాట్లాడి వచ్చేశాను. కానీ ఆ రెండో ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పటి నుండి వెతికి తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ పిల్లలు చెప్పుకున్నది ఇండియన్ రేసింగ్ లీగ్ గురించి. 2022 నవంబరు 19, 20 తేదీల్లోనూ, మళ్ళీ డిసెంబరు 10, 11 తేదీల్లోనూ నెక్లెస్ రోడ్డు, ఎన్టీఆర్ మార్గ్ మూసి కార్లు నడిపారు. నవంబరు పోటీలు ప్రమాదాలతో, ఆలస్యాలతో సరిగా సాగలేదు. లీగ్‌లో ఆరు టీములు, టీముకు నలుగురు డ్రైవర్లు, వారిలో ఒకరు స్త్రీ. హైదరాబాద్ పేరుతోనూ ఒక టీము ఉంది, బ్లాక్‌బర్డ్స్. ఒక్కో టీములో ఒక స్త్రీ తప్పనిసరి అనడం మంచి నియమమే. మగవాళ్ళు, ఆడవాళ్ళు ఒకే ట్రాకు మీద, ఒకే కారులో, ఒకే గడియారంతో పోటీపడే ఆటలు ప్రపంచంలో చాలా తక్కువ. కానీ ఆ సీట్లలో ఎక్కువ భాగం బయటి దేశాల నుండి వచ్చిన యువతులకే దక్కింది. స్త్రీలకు సీటు కేటాయించాక మన దేశపు స్త్రీలు అంతమంది దొరకలేదంటే, ఆ సీటు దాకా వచ్చే దారిని చూడాలి.

ఆ దారిలో ముఖ్యమైన మెట్టు ఫార్ములా ఫోర్. ఒక మనిషి మాత్రమే పట్టే, పైకప్పు లేని చిన్న రేసుకారు. కుర్ర డ్రైవర్లను తయారు చెయ్యడానికే అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య 2014లో ఈ తరగతిని మొదలుపెట్టింది. దేశానికో, ప్రాంతానికో ఒక ఛాంపియన్‌షిప్ ఉంటుంది. 15 ఏళ్ళు నిండితే పాల్గొనవచ్చు. అక్కడి నుండి ఫార్ములా రీజనల్, ఫార్ములా త్రీ, ఫార్ములా టూ, చివర ఫార్ములా వన్. మన దేశపు ఫార్ములా ఫోర్ ఛాంపియన్‌షిప్ 2023లో మొదలైంది. హైదరాబాదులో జరగాల్సిన పోటీలు ఆ నవంబరులో శాసనసభ ఎన్నికలు రావడంతో మద్రాసు ట్రాకుకు మారాయి. లీగ్‌లో టీముకు ఒక స్త్రీ ఉండాలన్న నియమం దాని కింది మెట్టయిన ఫార్ములా ఫోర్‌కు పెట్టలేదు. మేడ పైఅంతస్తులో ఆడవాళ్ళకు గది కట్టి కింద మెట్లు కట్టకపోతే ఆ గదిలోకి ఎవరొస్తారు? బయటి నుండి నిచ్చెన వేసుకుని వచ్చినవాళ్ళే వస్తారు.

పదిహేనేళ్ళకు ఫార్ములా ఫోర్‌లో కూర్చోవాలంటే ఏడెనిమిదేళ్ళకే కార్టింగ్ మొదలుపెట్టి ఉండాలి. కార్టు కొనాలి, టైర్లు మార్చాలి, మెకానిక్‌కు జీతమివ్వాలి, ప్రతి సెలవుకీ ట్రాకు ఉన్న ఊరికి పోవాలి. ఫార్ములా ఫోర్‌కు వచ్చాక ఒక్క సీజనుకే లక్షల్లో ఖర్చు. అందుకే ఈ ఆట కుటుంబంలోనే చేతులు మారుతూ వచ్చింది. 2005లో ఫార్ములా వన్‌లో పోటీ చేసిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ తండ్రి కారు ర్యాలీల ఛాంపియన్. 2010లో వచ్చిన కరుణ్ చంధోక్ తండ్రి రేసు డ్రైవరు, తాత మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు స్థాపకుల్లో ఒకరు. ఆడవాళ్ళ సంగతి చూడండి. బైకు, కారు రేసుల్లో పేరు తెచ్చుకున్న చెన్నై అమ్మాయి అలీషా అబ్దుల్లా తండ్రి కూడా జాతీయ బైకు రేసు ఛాంపియనే. గుజరాత్‌కు చెందిన మీరా ఎర్డా, విమాన పైలట్‌గా ఉద్యోగం చేస్తూ రేసుల్లో దిగిన స్నేహా శర్మ వంటివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పట్టుదలకు దండం పెట్టాలి. కానీ వాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టగలుగుతున్నాం అంటేనే దారి ఎంత ఇరుకుగా ఉందో తెలుస్తుంది.

అంటే పందెం జెండా ఊపినప్పుడు మొదలుకాదు. ఇంట్లో ఏడేళ్ళ కొడుకును ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించి, ఏడేళ్ళ కూతుర్ని వెనక సీట్లో కూర్చోమన్నప్పుడే మొదలవుతుంది. సగంమంది పోటీదారులు అక్కడే తప్పుకుంటారు. తప్పుకున్నామని వాళ్ళకు తెలియను కూడా తెలియదు.

"ఆడవాళ్ళు రాకూడదని ఎవరన్నారు? నియమాల్లో ఎక్కడుంది?" అని అడిగేవాళ్ళున్నారు. నిజమే, ఫార్ములా వన్ నియమాల్లో ఆడవాళ్ళు రాకూడదని లేదు. 1975లో స్పెయిన్‌లోని మోంజూయిక్ ట్రాకు మీద ఇటలీకి చెందిన లెల్లా లొంబార్డి ఆరో స్థానంలో నిలిచింది. ప్రమాదం వల్ల రేసు మధ్యలో ఆపేశారు కాబట్టి సగం పాయింటే ఇచ్చారు. ఆ సగం పాయింటే ఇప్పటికీ ఫార్ములా వన్‌లో స్త్రీ సాధించిన మొత్తం సంపాదన. 1976 తర్వాత ఒక్క స్త్రీ కూడా ఆ పందెంలో బరిలో నిలవలేదు. నిషేధం లేకుండానే అర్ధశతాబ్దం గడిచింది. మన చట్టాల సంగతీ ఇంతే కదా. ఆస్తి హక్కు ఉంది, ఆస్తి లేదు. సమాన వేతనం ఉంది, కూలి సమానం కాదు. కాగితం మీద తలుపు తెరిచి ఉండడం, ఆ తలుపు దాకా నడిచి వెళ్ళగలగడం ఒకటి కాదని మనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఇదే ఆటలో ఆడవాళ్ళకు ఎప్పుడూ దొరికిన చోటు ఒకటుంది. పొట్టి బట్టలు వేసుకుని, డ్రైవరు పేరున్న పలక పట్టుకుని, కారు పక్కన నవ్వుతూ నిలబడే చోటు. 2018లో ఫార్ములా వన్ ఆ పద్ధతి మానేసింది. ఎన్నో దేశాల స్త్రీలు ఏళ్ళ తరబడి ప్రశ్నించాకే మానేసింది. 2023లో అమ్మాయిలకే ప్రత్యేకంగా, ఫార్ములా ఫోర్ స్థాయి కార్లతో ఎఫ్-వన్ అకాడమీ అనే పోటీ మొదలైంది. ఇవేవీ వాటంతట అవి రాలేదు. అడిగితే వచ్చాయి.

ఇప్పుడు మా మిత్రురాలి ప్రశ్నకు వస్తాను. ఇది డబ్బున్నవాళ్ళ ఆట, ఒప్పుకుంటాను. పెట్రోలు కాల్చే ఆట, అదీ ఒప్పుకుంటాను. కానీ ఈ ఆటకు వాడింది ఎవరి రోడ్డు? ఎవరి డబ్బు?

రేసు హుసేన్ సాగర్ ఒడ్డున జరిగినా, దాన్ని కన్నది హైటెక్ సిటీ ఆలోచనే. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుండి మన పాలకులకు ఒక కోరిక. హైదరాబాదును సింగపూరులా, లండనులా చూపించాలి. 2003లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఫార్ములా వన్ పందెం తెస్తామని ఒప్పందం దాకా వెళ్ళింది. నగర శివార్లలో ట్రాకు కోసం వందల ఎకరాలు అనుకున్నారు. 2004లో ప్రభుత్వం మారింది, ఆ పందెం రాలేదు. తర్వాత తెలంగాణ ప్రభుత్వం 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా-ఇ అనే విద్యుత్ కార్ల పందెం తెచ్చింది. 2.8 కిలోమీటర్ల ట్రాకు, 11 టీములు, 22 మంది డ్రైవర్లు. అందులో స్త్రీలు ఎందరో తెలుసా? ఒక్కరూ లేరు. ఆ పందెం కోసం రోజుల తరబడి దారులు మూసేశారు. ఖైరతాబాదు, సచివాలయం చుట్టూ ట్రాఫిక్‌లో ఊరంతా అవస్థ పడింది. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో విడత రద్దయింది. దానికోసం హెచ్ఎండీఏ నుండి దాదాపు 55 కోట్ల రూపాయలు నిబంధనలు పాటించకుండా చెల్లించారని ఆరోపిస్తూ 2024 డిసెంబరులో ఏసీబీ కేసు పెట్టింది. అప్పటి మంత్రి కె.టి. రామారావు, మరికొందరి పేర్లు అందులో ఉన్నాయి. ఆయన ఆరోపణలను ఖండించారు. ఎవరిది తప్పన్నది న్యాయస్థానాలు తేలుస్తాయి.

మన ప్రశ్న వేరు. ఆ 55 కోట్లు నియమం ప్రకారమే చెల్లించారనుకుందాం. అప్పుడు మాత్రం అందులో ఆడపిల్లల వాటా ఎంత? సంతకాలు పెట్టే ముందు ఏ అధికారైనా, ఏ మంత్రైనా, ఏ ప్రతిపక్ష నాయకుడైనా ఈ మాట అడిగాడా? అసెంబ్లీలో, టీవీల్లో ఇంత రచ్చ జరిగింది. ఈ ప్రశ్న నా చెవిన పడలేదు. మనమూ అడగలేదు. అది నా ఆత్మవిమర్శ కూడా.

ఇక రోడ్డు సంగతి. సైబరాబాదు ఐటీ కారిడార్‌లో రాత్రి పది దాటితే రోడ్లు విశాలంగా ఖాళీగా ఉంటాయి. టీ-హబ్, నాలెడ్జ్ సిటీ దగ్గర కుర్రాళ్ళు బైకుల మీద విన్యాసాలు చేస్తే పోలీసులు బళ్ళు స్వాధీనం చేసుకున్నారన్న వార్తలు తరచూ చదువుతాం. అది తప్పే, ప్రాణాలు పోతాయి. కానీ ఆ రోడ్డు తమదేనన్న ధీమా వాళ్ళకు ఎక్కడి నుండి వచ్చింది? అదే రోడ్డు మీద షిఫ్టు ముగించుకున్న అమ్మాయి క్యాబు ఎక్కి ఇంటికి ఫోను చేసి, దిగేదాకా మాట్లాడుతూనే ఉంటుంది. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేటు దగ్గర స్కూటరు టైరులో గాలి తీసి ఒక యువ డాక్టరును ఎలా బలి తీసుకున్నారో మనం మర్చిపోలేం. ఆ తర్వాత ఊరంతా అమ్మాయిలకు నేర్పిన పాఠం ఏమిటి? చీకటిపడ్డాక బండి తియ్యొద్దు. రోడ్డును బాగు చెయ్యకుండా ఆడపిల్లను రోడ్డు మీది నుండి తీసేశారు. ఇలా పెరిగిన ఊళ్ళో "రేసుకు అమ్మాయిలు రావడం లేదు" అని ఆశ్చర్యపోవడం ఎందుకు?

చక్రం విలువ మన ఉద్యమాలకు కొత్త కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం ఆడవాళ్ళకు అక్షరాలతోపాటు సైకిలూ నేర్పింది. కూలి స్త్రీలు, క్వారీ కార్మికులు వేల సంఖ్యలో సైకిలెక్కారు. మగవాళ్ళు ఎగతాళి చేశారు. వాళ్ళు దిగలేదు. ఆ రోజుల్లోనే మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత తరగతుల నుండి సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. ఒకసారి చేతికందిన పలకైనా, సైకిలైనా మనిషిని అక్కడితో ఆగనివ్వదు.

మన కళ్ళముందే ఇంకో ఉదాహరణ ఉంది. సంస్థాన్ నారాయణపురం మండలంలో ఒక తండాకు చెందిన సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరుగా చేరింది. సొంత రాష్ట్రంలో ఆర్టీసీ స్టీరింగు ఆమె చేతికి రావడానికి 2025 జూన్ దాకా పట్టింది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం. లక్షలమంది స్త్రీలు ఎక్కుతున్న బస్సులను నడిపే స్త్రీ తొలిసారి కనిపించడానికి ఆ తర్వాత కూడా ఏడాదిన్నర ఆగాల్సి వచ్చింది. ప్రయాణికురాలిగా పనికొచ్చిన ఆడది డ్రైవరుగా ఎందుకు పనికిరాలేదు? రేసుకారుకైనా ఆర్టీసీ బస్సుకైనా ప్రశ్న ఒకటే.

"బీదపిల్లల్ని రేసుల్లోకి తెస్తామంటే ఆ ఖర్చు ఎవరు పెడతారు?" అని అడుగుతారు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా గిరిజన బాలిక, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 13 ఏళ్ళ వయసులో ఎవరెస్టు ఎక్కింది. అప్పటిదాకా పర్వతారోహణ ఎవరి ఆట? ఆమె కుటుంబానిది కాదు. గురుకులం ఆమెను ఎంచుకుంది, భువనగిరి గుట్ట మీద నేర్పించింది, ఖర్చు ప్రభుత్వం పెట్టింది. తలుచుకుంటే అయిన పని అది. కొండ మీద కుదిరింది ట్రాకు మీద కుదరదని ముందే ఎలా తేల్చేస్తారు?

అందుకని, ఈ పందేలు రేపు మళ్ళీ హైదరాబాదుకు వస్తామంటే మనం రెండు చేతులూ అడ్డం పెట్టాలా, చప్పట్లు కొట్టాలా అన్నది కాదు నా ఆలోచన. షరతులు పెట్టాలి. నాకు తోచినవి చెబుతాను.

మొదటిది, ప్రజల రోడ్డు, ప్రజల డబ్బు వాడుకునే ఏ పోటీ అయినా ఒప్పందంలోనే ఆడపిల్లల వాటా రాయాలి. పైన లీగ్‌లో సీటు ఇస్తే చాలదు. కింద కార్టింగ్‌లో, ఫార్ములా ఫోర్‌లో ఖర్చుతో సహా సీట్లు ఇవ్వాలి. అవి ఈ ప్రాంతపు పిల్లలకు, గురుకులాల పిల్లలకు దక్కాలి. ఎంత ఖర్చయింది, ఎవరికి చేరింది అన్న లెక్క ప్రజల ముందుంచాలి. రిజర్వేషన్ ఇస్తే నాణ్యత పడిపోతుందనే మాట 1993లో పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు వచ్చినప్పుడూ విన్నాం. గడియారం అబద్ధం చెప్పదు. ముందు పిల్లను ట్రాకు ఎక్కనివ్వండి, వేగం సంగతి గడియారం చూసుకుంటుంది.

రెండోది, భద్రత. పదిహేనేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళతో ఊరూరూ తిరిగే ఆట ఇది. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం క్రీడా ప్రాంగణాలను, పోటీలు జరిగే చోట్లను కూడా పని ప్రదేశాలుగానే గుర్తించింది. 18 ఏళ్ళలోపు వారికి పోక్సో చట్టం ఉంది. 2023లో మన మల్లయోధురాళ్ళు జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చోవాల్సి వచ్చింది. అది చూశాక కూడా కమిటీ లేకుండా ఏ పోటీకైనా అనుమతి ఇస్తే ఊరుకోకూడదు.

మూడోది, రేసంటే డ్రైవరొక్కడే కాదు. టైరు మార్చేవాళ్ళు, ఇంజను విప్పేవాళ్ళు, కారు పంపే అంకెలను తెర మీద చదివే ఇంజనీర్లు ఉంటారు. ఆ అంకెలు చదవగల అమ్మాయిలు ఇదే ఐటీ కారిడార్‌లో వేలమంది ఉన్నారు. ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో మోటారు మెకానిక్ కోర్సుల్లో ఆడపిల్లలు ఎందరున్నారో మనం వెళ్ళి లెక్కపెట్టాలి. పదిమందికి రేసు సీటు దొరికితే వందమందికి ఈ పనులు దొరుకుతాయి. బతుకుదెరువు అక్కడే ఉంది.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది. బస్తీ స్థాయిలో ఆడపిల్లలకు సైకిలు, స్కూటరు, ఆటో, కారు నేర్పే ఏర్పాటు కావాలి. 2015లో ప్రభుత్వం షీ క్యాబ్స్ అని మొదలుపెట్టింది. హైదరాబాదులో 'మోవో' వంటి సంస్థలు స్త్రీలకు బండి నడపడం నేర్పుతున్నాయి. ఇలాంటివి విడివిడిగా మిగిలిపోకూడదు. కుట్టుమిషను శిక్షణకు బడ్జెటు ఉన్నట్టే దీనికీ ఉండాలి.

ఆ పిల్ల గురించి చెప్పి ముగిస్తాను. ఇటీవల మళ్ళీ ఆ బస్తీకి వెళ్ళినప్పుడు కనిపించింది. ఇంటర్ చదువుతోంది. కార్ల పందెం గురించి అడిగితే సిగ్గుపడి నవ్వింది, మర్చిపోయిందట. సైకిలు వచ్చా అంటే, చిన్నప్పుడు తమ్ముడి సైకిలు ఎక్కితే వాళ్ళ నాయన దింపేశాడని చెప్పింది. పక్కనే ఉన్న తల్లి, "పెద్దపిల్ల అయింది, పడితే ఎట్ల అని భయమైతదమ్మా" అంది. మరి తమ్ముడు? తమ్ముడు పదిహేనేళ్ళకే ఎవరిదో బండి తీసి తిరుగుతున్నాడు, వాడికి భయం లేదట.

ఆమెకు త్వరలో 18 నిండుతాయి, లైసెన్సు వయసు. మా సంఘం స్కూటరు మీద నేర్పుతామని తల్లిని ఒప్పించి వచ్చాం. ఆ పిల్ల రేసు డ్రైవరు కాకపోవచ్చు, ఆ వయసు మనమే దాటించేశాం. ఆమె వెనక ఏడేళ్ళ పిల్లలున్నారు.

మిత్రులకు ఒక మనవి. మీరు పనిచేసే చోట ఎంతమంది ఆడపిల్లలకు సైకిలు వచ్చో, ఎంతమంది స్త్రీలకు లైసెన్సుందో, దగ్గరి ఐటీఐలో మోటారు మెకానిక్ తరగతిలో ఎందరు అమ్మాయిలున్నారో కనుక్కుని రాసి పంపండి. వచ్చే సంచికలో వేస్తాం. ఆ అంకెలు చేతిలో పట్టుకునే మనం ప్రభుత్వం దగ్గరకు వెళ్దాం.